తడిసిన బూట్లకు శిక్ష ఎవరికి?

మీ ప్రశ్నలు – హెడ్మాస్టరమ్మ జవాబులు

బడులు తెరిచిన నెల కదా, ఉత్తరాలన్నీ పుస్తకాల బరువు మీద వస్తాయనుకున్నాను. తీరా చూస్తే సగానికి పైగా యూనిఫాం గొడవలే. ఒకే తరహావి పక్కన పెట్టి, తేడా ఉన్నవాటికి జవాబులు రాస్తున్నాను. ముందే చెప్పేస్తున్నా, నేను యూనిఫాం పక్షం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అది ఉండాల్సిందేనని వాదించినదాన్ని. నా పేచీ అంతా దాన్ని అమలు చేసే తీరుతోనే.

*మా అబ్బాయి ఏడో తరగతి. తెల్ల బూట్లు వేసుకోవాల్సిన రోజున, అవి వానకు తడిసి ఆరకపోవడంతో నల్ల బూట్లతో పంపాను. డైరీలో కారణం కూడా రాశాను. అయినా గేటు దగ్గర ఆపేశారు. అసెంబ్లీ అయ్యేదాకా అందరికీ కనిపించేలా నిలబెట్టి, మొదటి పీరియడ్ క్లాసులోకి రానివ్వలేదట. ఇప్పుడు వాడు రాత్రి పడుకునే ముందు లేచి లేచి బూట్లు చూసుకుంటున్నాడు. పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడు. వెళ్లి అడగమంటారా? అడిగితే వాడి మీద కక్ష పెట్టుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది.* – ఒక తల్లి

అడగండమ్మా. తప్పకుండా అడగండి. కానీ ముందు పిల్లవాడి సంగతి చూద్దాం.

ఆ కడుపునొప్పిని సాకు అనకండి. భయపడిన పిల్లలకు నిజంగానే కడుపులో నొప్పి వస్తుంది. వాణ్ణి కూర్చోబెట్టి ఒక్క మాట స్పష్టంగా చెప్పండి: "బూట్లు ఆరబెట్టడం నా పని. ఆరకపోతే జవాబు చెప్పాల్సింది నేను, నువ్వు కాదు." పదకొండు, పన్నెండేళ్ల పిల్లాడికి ఆ మాట చాలా పెద్ద ఊరట. రాత్రి బూట్లు చూసే పని మీరే తీసుకోండి. వాడు లేచి చూస్తున్నా మందలించకండి, కొన్నాళ్లకు అదే తగ్గుతుంది. తగ్గకుండా, బడికి పోనని మొండికేస్తే మాత్రం డాక్టరుకు చూపించండి.

ఇక స్కూలు. పొద్దున గేటు దగ్గరకు వెళ్లి గొడవ పడకండి. ఆ హడావుడిలో మీ మాట ఎవరి చెవికీ ఎక్కదు. పైగా పిల్లవాడికి రెండోసారి అవమానం. ముందు క్లాస్ టీచర్‌ని, తర్వాత హెడ్మాస్టర్‌ని టైమ్ అడిగి కలవండి. మీరు డైరీలో రాసిన పేజీ పట్టుకెళ్లండి. రెండే ప్రశ్నలు అడగండి. బూట్ల రూలు ఎక్కడ రాసుంది? అది తప్పితే క్లాసు పోగొట్టుకోవాలని ఎక్కడ రాసుంది? మొదటిదానికి వాళ్ల దగ్గర కాగితం ఉంటుంది. రెండోదానికి చాలాచోట్ల ఉండదు. రూలు పుస్తకంలో ఉంటే, శిక్ష ఆ రోజు గేటు దగ్గర డ్యూటీలో ఉన్న మనిషి మూడ్‌లో ఉంటుంది.

ఈ తేడా చిన్నదేం కాదు. జపాన్‌లో ఒసాకా ప్రాంతపు ప్రభుత్వ హైస్కూల్లో ఒక అమ్మాయి తన జుట్టు పుట్టుకతోనే గోధుమ రంగు అంటే, కాదు, నల్లరంగు వేసుకుని రావాల్సిందే అన్నారు. మళ్లీ మళ్లీ వేయించారు. చివరికి ఆ పిల్ల బడికి రావడమే మానేసింది. 2017లో కేసు వేసింది. 2021 ఫిబ్రవరిలో ఒసాకా జిల్లా కోర్టు ఇచ్చిన తీర్పు చదివితే మన సంగతే చెప్పినట్టుంటుంది. జుట్టు రంగు మీద రూలు పెట్టుకునే హక్కు బడికి ఉందంది. ఆ పిల్ల రాని రోజుల్లో క్లాసులోంచి ఆమె బల్ల తీసేసినందుకూ, పట్టీలోంచి పేరు తీసేసినందుకూ మాత్రం 3,30,000 యెన్‌ల పరిహారం కట్టమంది. రూలు నిలబడింది, దాని పేరుతో పిల్లను వెలివేసిన పద్ధతి నిలబడలేదు. (ఆ మొదటి సగం నాకు మింగుడుపడదు. పుట్టుకతో వచ్చిన జుట్టుకు రంగు వేయించడమేమిటి!)

మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. దాన్ని మొదటి రోజే బల్ల మీద కొట్టి చెప్పనక్కర్లేదు. మీకు తెలుసన్న సంగతి వాళ్లకు తెలిస్తే చాలు.

కక్ష మాటకొస్తే, నోటిమాటగా అడిగి వచ్చేసిన తల్లిదండ్రుల మాట మర్చిపోవడం తేలిక. ఉత్తరం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నవాళ్ల పిల్లల జోలికి రావడానికి ఎవరైనా ఆలోచిస్తారు. మర్యాదగా రాయండి, తేదీ వేయండి, ఒక కాపీ దగ్గరుంచుకోండి.

*మేడమ్, నేను తొమ్మిదో తరగతి. మా స్కూల్లో అప్పుడప్పుడు అమ్మాయిలందరినీ క్లాసు ముందు మోకాళ్ల మీద కూర్చోమంటారు. స్కర్టు నేలకు తగలకపోతే పొట్టి కిందే లెక్క. అబ్బాయిల ప్యాంటు గురించి ఎవరూ మాట్లాడరు. ఎందుకని అడిగితే "మర్యాదగా ఉండాలి" అని రూల్స్‌లో ఉందన్నారు. మర్యాద అంటే ఎన్ని అంగుళాలు మేడమ్?* – ఒక విద్యార్థిని

తల్లీ, నీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది. ఆ వెంటనే కోపమూ వచ్చింది, నీ మీద కాదులే.

కొలవలేని మాట రూలులో ఉంటే కొలత టీచర్ కంటిని బట్టి మారుతుంది. టోక్యో నగర విద్యాబోర్డు సరిగ్గా ఇదే ఒప్పుకుంది. తన హైస్కూళ్లలో 2022 ఏప్రిల్ నుంచి కొన్ని రూల్స్ ఎత్తేసింది. జుట్టు అందరికీ నల్లగానే ఉండాలనేది అందులో ఒకటి, లోదుస్తుల రంగు మీద ఆంక్ష ఇంకొకటి (అవును, అలాంటి రూలూ ఉండేది). వాటితో పాటు "హైస్కూల్ విద్యార్థికి తగినట్టుగా" అనే మాట కూడా పోయింది. ఆ మాటకు ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకోవచ్చు కాబట్టి.

ఆడపిల్లలకే ఎందుకు అన్నావు. అమెరికాలో నార్త్ కరోలినాలో ఒక స్కూలు ఆడపిల్లలు స్కర్టు మాత్రమే వేసుకోవాలంది. ఆడవాళ్ల పట్ల మగపిల్లలకు పెద్దమనిషి తరహా గౌరవం అలవడడానికట. చలికి వణికినా, ఆటస్థలంలో గెంతడానికి ఇబ్బందైనా అంతే. ముగ్గురు ఆడపిల్లల తరఫున కేసు నడిచింది. 2022లో అక్కడి ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఆ రూలు సమాన హక్కుకు విరుద్ధమంది. మరుసటి ఏడు సుప్రీం కోర్టు ఆ తీర్పులో వేలు పెట్టలేదు.

నువ్వు ఒక్కదానివే వెళ్లి వాదించకు. ముందు అమ్మకు చెప్పు. తర్వాత ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్లతో కలిసి హెడ్మాస్టర్‌కి ఉత్తరం రాయండి. అందులో మూడు అడగండి. పొడవెంతో మోకాలికి ఇంత కింద అని స్పష్టంగా రాయాలి. చూడాల్సి వస్తే లేడీ టీచర్ విడిగా గదిలో చూడాలి, మోకాళ్ల మీద కూర్చోబెట్టడం ఆగాలి. కావాలనుకున్న అమ్మాయిలకు ప్యాంటు వేసుకునే వీలుండాలి. మూడోది ఇస్తే మొదటి రెండింటి అవసరమే సగం తీరిపోతుంది. కొలత పేరుతో ఎవరైనా ఒంటిమీద చెయ్యి వేస్తే మాత్రం ఉత్తరాల దాకా ఆగొద్దు, ఆ రోజే ఇంట్లో చెప్పు.

అన్నట్టు, 2017లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో విపరీతమైన ఎండల్లో నిక్కర్లు వేసుకుంటామంటే స్కూలు ఒప్పుకోలేదని మగపిల్లలు ఏం చేశారో తెలుసా? స్కర్టులు వేసుకుని వచ్చేశారు! యూనిఫాంలో స్కర్టు ఉంది కదా మరి. మరుసటి ఏడాది నుంచి నిక్కర్లు పెడతామని స్కూలు చెప్పాల్సొచ్చింది.

*మా స్కూల్లో నగలు పెట్టుకోకూడదని రూలు. ఒక అమ్మాయి ఇంటి ఆచారమని ముక్కుపుడక తీయనంటోంది. ఒకరికి వదిలేస్తే రేపు ఒక్కొక్కరూ ఒక్కొక్కటి పెట్టుకొస్తారు. ఇంకో అబ్బాయి మెడకు టై కట్టుకోలేనని ఏడుస్తాడు. గట్టిగా ఉండకపోతే డిసిప్లిన్ ఎలా నిలుస్తుంది?* – ఒక వైస్ ప్రిన్సిపాల్

మీ ముక్కుపుడక కేసు ఇప్పటికే ఒక దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లొచ్చిందండీ. దక్షిణాఫ్రికా డర్బన్‌లో తమిళ మూలాలున్న హిందూ కుటుంబపు అమ్మాయి స్కూలుకు ముక్కుపుడకతో వెళ్లింది. తీసేయమన్నారు. వాళ్లింట్లో ఆడపిల్ల పెద్దయినప్పుడు పెట్టే ఆచారమని తల్లి చెప్పింది. స్కూలు వాదన అచ్చం మీదే, ఒకరికి ఇస్తే అందరికీ ఇవ్వాలని. 2007లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఒప్పుకోలేదు. ఆ చిన్న పుడక వల్ల బడిలో క్రమశిక్షణ చెడిందనడానికి ఆధారం ఏదీ చూపలేదంది. దాన్ని చూసి మిగతా పిల్లలు తమ ఆచారాలతో ధైర్యంగా ముందుకొస్తే భయపడాల్సిందేమీ లేదని, అది బడికి అందమేనని చెప్పింది.

అంతకు ముందు, 1983లో, ఇంగ్లండ్‌లో తలపాగా తీసి, జుట్టు కత్తిరించుకుంటే తప్ప చేర్చుకోనన్న ప్రైవేటు స్కూలు హెడ్మాస్టర్ మీద ఒక సిక్కు తండ్రి వేసిన కేసు అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా పోయింది. తండ్రే గెలిచాడు. తలపాగా తీయడం చేతులతో అయ్యే పనే కావచ్చు, కానీ తన ఆచారం నిలుపుకుంటూ చేయగలడా అన్నదే ప్రశ్న అన్నారు లార్డులు.

అలాగని కోర్టులు ప్రతిసారీ పిల్లల వైపే మొగ్గుతాయని చెప్పను. 2006లో ఇంగ్లండ్‌లోనే లూటన్ పట్టణపు స్కూల్లో జిల్బాబ్ అనే పొడవాటి అంగీ వేసుకుంటానన్న ముస్లిం అమ్మాయి కేసులో అదే హౌస్ ఆఫ్ లార్డ్స్ స్కూలు పక్షం నిలిచింది. అయితే ఆ స్కూలు ముందే ఏం చేసిందో చూడండి. తల్లిదండ్రులను, మసీదు పెద్దలను సంప్రదించి యూనిఫాం నిర్ణయించింది. సల్వార్ కమీజ్, తలకు స్కార్ఫ్ అప్పటికే అనుమతించింది. అంత ఆలోచించి పెట్టిన రూలును తోసిపుచ్చలేమన్నారు. మీకు కావాల్సిన గట్టితనం ఇదేనండీ, రూలు పెట్టే ముందు చూపించాల్సింది.

కాబట్టి ముందు నగలు వద్దన్నది ఎందుకో రాసుకోండి. ఆటల్లో గుచ్చుకోకుండా, పోయిందని గొడవలు రాకుండా, ఉన్నవాళ్లు లేనివాళ్లు అన్న తేడా కనబడకుండా, అంతే కదా? ఆ చిన్న పుడక వీటిలో దేన్ని చెడగొడుతోంది? ఆటల పీరియడ్లో మీద టేపు అంటిస్తే మొదటిదీ తీరిపోతుంది. తర్వాత మినహాయింపు అడగడానికి ఒక పద్ధతి పెట్టండి. ఎవరికి రాయాలి, ఎన్ని రోజుల్లో జవాబిస్తారు, కాదంటే మళ్లీ ఎవరిని అడగాలి, ఇంతే. కారణం రాసి అడగాల్సిన చోట సరదాగా అడిగేవాళ్లు చాలా తక్కువ. మీరు భయపడే వరస రాదు.

ఆ టై అబ్బాయిని మాత్రం దయచేసి మొండివాడి లెక్కలో వేయకండి. కొంతమంది పిల్లలకు మెడకు బిగుతుగా ఏదైనా తగిలితే, కాలరు లోపలి లేబుల్ గీసుకున్నా సరే, అది భరించలేని బాధ. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇది మామూలుగా చూస్తుంటాం. తల్లిదండ్రులతో మాట్లాడండి. ఈలోగా టై లేకుండానే రానివ్వండి. టై లేనంత మాత్రాన వాడికి లెక్కలు రాకుండా పోవు.

*చొక్కా టక్ చేయకపోతే ఏమవుతుంది మేడమ్?* – ఎనిమిదో తరగతి అబ్బాయి

ఏమీ కాదు నాయనా. చేస్తే కూడా ఏమీ కాదు. అందుకే చేసేయ్. గొడవ పడే ఓపికను అక్కలు అడిగిన స్కర్టు ప్రశ్నలాంటివాటికి దాచుకో.

*యూనిఫాం కచ్చితంగా పాటించే స్కూళ్లలో చదువు బాగుంటుందని, అందుకే పాపను మార్చమని మా బంధువులు అంటున్నారు. నిజమేనా?* – ఒక తండ్రి

ఆ ఒక్క కారణానికి మార్చకండి. అమెరికాలో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో 1994లో చిన్న తరగతుల నుంచి ఎనిమిదో తరగతి దాకా యూనిఫాం తప్పనిసరి చేశారు. గొడవలు, దొంగతనాలు తగ్గాయని ప్రకటించారు. 1996 జనవరిలో అధ్యక్షుడు క్లింటన్ దేశాన్ని ఉద్దేశించి చేసిన ప్రసంగంలో యూనిఫాం మాట ఎత్తేసరికి దేశమంతా అదే పాట. తర్వాత 1998లో బ్రన్స్మా, రాక్‌మోర్ అనే ఇద్దరు పరిశోధకులు పదో తరగతి పిల్లల వివరాలు తీసి చూస్తే హాజరు మీద కానీ, ప్రవర్తన మీద కానీ యూనిఫాం ప్రభావమేమీ కనిపించలేదు. మార్కులూ పెరగలేదు. లాంగ్ బీచ్‌లో అదే సమయంలో ఇంకా చాలా మార్పులు చేశారని, ఘనతంతా బట్టలకు ఇచ్చేశారని వాళ్లు ఎత్తిచూపారు.

అసలు యూనిఫాం పుట్టింది మార్కుల కోసం కాదు. ఇంగ్లండ్‌లో క్రైస్ట్స్ హాస్పిటల్ అని 1552లో పేద పిల్లల కోసం పెట్టిన బడి ఉంది. అక్కడి పిల్లలు వేసుకునే పొడవాటి నీలం కోటు, పసుపు మేజోళ్లు ఇవాళ్టికీ అవే. దిక్కులేని పిల్లలకు ఒంటి నిండా బట్ట ఇవ్వడంతో మొదలైన ఏర్పాటది.

మరి నేనెందుకు యూనిఫాం పక్షం అంటారా? పొద్దున్నే ఏం వేసుకోవాలన్న రభస ఉండదు. బయటికి తీసుకెళ్తే జనంలో మన పిల్లలు తప్పిపోరు. ఎవరి చొక్కా ఎంత ఖరీదన్న పోటీ తగ్గుతుంది. పూర్తిగా పోదు లెండి. అది చొక్కా వదిలేసి వాచీకి, బ్యాగుకు, బూట్లకు పాకుతుంది. పాపను మార్చాలనుకుంటే కొత్త స్కూల్లో టీచర్లు ఏడాదికి ఎంతమంది మారుతున్నారో అడగండి. యూనిఫాం కంటే అది ఎక్కువ చెబుతుంది.

*ఉద్యోగంలో కొత్తగా చేరాను. వారంలో రెండు రోజులు గేటు డ్యూటీ. పిల్లలు నన్ను చూస్తే పోలీసును చూసినట్టు చూస్తున్నారు. వదిలేస్తే ప్రిన్సిపాల్ గారు నన్ను అంటారు. మధ్యలో నలిగిపోతున్నాను.* – ఒక యువ టీచర్

మా స్కూల్లో ఒక పిల్ల ఎప్పుడూ బెల్టు లేకుండా వచ్చేది. క్లాస్ టీచర్ డైరీ నిండా ఎర్ర సిరాతో రాసింది. చివరికి నా గదికి పంపింది. నేను తలుపు వేసి అడిగితే, కాసేపు గోడ వైపు చూసి చెప్పింది: "మా చెల్లి వాళ్ల మిస్ ఎక్కువ తిడతారు టీచర్, అందుకే దానికిచ్చేశాను." ఇంట్లో బెల్టు ఒక్కటే. ఏ టీచర్ తిట్లు తక్కువో చూసుకుని ఆ పిల్ల లెక్కగట్టుకుంది! మేం ఇంకాస్త గట్టిగా ఉండి ఉంటే ఆ బెల్టు చెల్లి నడుము నుంచి అక్క నడుముకు మారేది, అంతే.

అందుకని, అమ్మా, గేటు దగ్గర పిల్లల్ని ఆపకండి. "గుడ్ మార్నింగ్" చెప్పి లోపలికి పంపండి. తేడా కనిపిస్తే పేరు గుర్తుపెట్టుకుని, ఇంటర్వెల్‌లో పక్కకు పిలిచి అడగండి. "ఎందుకు వేసుకోలేదు?" అని కాదు, "ఏమైంది?" అనండి. ఆ రెండు ప్రశ్నలకు పిల్లలు రెండు వేరే జవాబులు చెబుతారు.

గుండీ ఊడినా, సాక్స్ తడిసినా అక్కడికక్కడే సరిచేయగలిగేవి ఉంటాయి. నా గది బీరువాలో ఒక అరలో సూది, దారం, పిన్నీసులు, ఉతికిన సాక్స్, టైలు, రెండు మూడు సైజుల బెల్టులు ఉండేవి. పై తరగతులకు వెళ్లే పిల్లలు ఇచ్చిపోయినవే అన్నీ. మా ఆయా ప్రేయర్ అయ్యేలోపు గుండీ కుట్టేసేది. మీ ప్రిన్సిపాల్‌ని అలాంటి అర ఒకటి అడగండి. గేటు దగ్గర పేర్లు రాసుకునే రిజిస్టర్ కన్నా దానివల్లే యూనిఫాం బాగుంటుంది, ఆయనకు కావాల్సిందీ అదే కదా.

కొనాల్సినవి, కుట్టించాల్సినవి అయితే పిల్లల్ని అడిగి లాభం లేదు, డబ్బు వాళ్ల చేతిలో ఉండదు. తల్లిదండ్రులకు చీటీ రాసి, గడువు ఇవ్వండి. చీటీ కవర్లో పెట్టి ఇవ్వండి. చేతిలో తెరిచి పట్టుకెళ్తే బస్సులో పదిమంది చదువుతారు. అన్నీ ఉండి, తెలిసి తెలిసి వేసుకోని పెద్ద పిల్లలూ ఉంటారు, కాదనను. వాళ్లకు మాత్రం శిక్ష ఉండనివ్వండి, సాయంత్రం ఆగి లైబ్రరీ సర్దమనండి. ఏం చేసినా క్లాసు మాత్రం తీసేయకండి. చదువు ఎగ్గొట్టాలనుకునేవాడికి అది శిక్షే కాదు, చదవాలనుకునేవాడికి ఆ పాఠం మళ్లీ రాదు.

ప్రిన్సిపాల్ గారు అప్పటికీ ఒప్పుకోకపోతే, గేటు దగ్గర ఆపమన్న ఆజ్ఞ రాతపూర్వకంగా ఇమ్మని వినయంగా అడగండి. చాలా ఆజ్ఞలు కాగితం ఎక్కడానికి ఇష్టపడవు.

*ఏడాది మధ్యలో యూనిఫాం డిజైన్ మార్చారు. జేబు మీద బొమ్మ, సాక్స్ మీద గీతలు, అన్నీ ఒకేచోట కొనాలట. పాతవి ఇంకా బాగానే ఉన్నాయి. ఇద్దరు పిల్లలు. ఎదురు చెప్పొచ్చా?* – ఒక తల్లి

చెప్పొచ్చు. ఒక్కరే చెప్పకండి, పేరెంట్స్ మీటింగ్‌లో నలుగురు కలిసి చెప్పండి. ఇంగ్లండ్‌లో 2021లో ఇందుకోసమే ఒక చట్టం చేశారు. దాని ప్రకారం యూనిఫాం ఖర్చు మీద ప్రభుత్వం ఇచ్చిన సూచనలను స్కూళ్లు పట్టించుకోవాలి. ముద్ర ఉన్న బట్టలు వీలైనంత తగ్గించాలి, వాడిన యూనిఫాంలు దొరికే ఏర్పాటు ఉండాలి, ఇవీ ఆ సూచనలు. మీరూ అవే అడగండి. కొత్త బొమ్మను విడిగా ఇస్తే పాత చొక్కా జేబు మీద మీరే కుట్టుకోవచ్చు. గీతల సాక్స్ బదులు అదే రంగులో సాదావి ఒప్పుకోవచ్చు. పాత డిజైన్ ఏ తేదీ దాకా చెల్లుతుందో సర్క్యులర్‌లో ఉందేమో చూడండి. లేకపోతే ఆ తేదీ రాసిచ్చేదాకా కొత్తవి కొనకండి.